ఫీజు కింద ఒక తప్పు: నూజివీడు మామిడితోటలో ఆదివారం క్లాసు

నూజివీడు అనగానే ఎవరికైనా రసాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందు ఒక బాల్కనీ గుర్తొస్తుంది, ఆ తర్వాతే రసాలు. ఇది ఎనభైల మధ్యలో మాట. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక మేడమీద గది నా ఆఫీసు. స్లాబులో ఎంత ఇనుము పెట్టాలి, పిల్లరు ఎంత లావుండాలి అని లెక్కకట్టి డ్రాయింగు గీసివ్వడం నా వృత్తి. కాలేజీ వదిలి పదహారేళ్ళయింది, ఆ పదహారేళ్ళలో కొత్తగా చదివిన పుస్తకం ఒక్కటీ లేదు. చదవాల్సిన అవసరం రాలేదని గర్వంగానే చెప్పుకునేవాణ్ణి. ఇంతలో ఒక బ్యాంకు భవనానికి నేనిచ్చిన డ్రాయింగు తనిఖీ ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. దాని మీద ఎర్రసిరాతో ఒకే వాక్యం: “పాత పద్ధతి. లిమిట్ స్టేట్ పద్ధతిలో మళ్ళీ చేసి పంపండి.” ఆ పద్ధతి ఉన్న కొత్త కోడ్, అంటే కట్టడాల నిబంధనల పుస్తకం, నా దగ్గరా ఉంది. కొని, బీరువాలో పెట్టి, తాళం వేశాను. ఆ ఎర్రసిరా చూశాక చెవులు వేడెక్కాయి. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

ఒక మిత్రుడు పానకాలరావు మాస్టారి సంగతి చెప్పాడు. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, నూజివీడు దగ్గర సొంత మామిడితోటలో ఉంటున్నారట. ఆదివారాల్లో పనిచేస్తున్న ఇంజినీర్లకు కొత్త కోడ్ నేర్పుతారట. కార్డు రాస్తే నాలుగో రోజుకే జవాబొచ్చింది. “వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదికి రావలెను. ఫీజు లేదు. తాము చేసిన తప్పు ఒకటి, డ్రాయింగుతో సహా తేవలెను.” ఆ కార్డు మూడుసార్లు చదివాను. డబ్బడిగితే సంతోషంగా ఇచ్చేవాణ్ణి.

మే నెల మొదటి ఆదివారం, తెల్లవారి ఐదున్నరకి బెజవాడ బస్టాండులో ఎర్రబస్సెక్కాను. గన్నవరం మీదుగా హనుమాన్ జంక్షన్ చేరేసరికి ఏడైంది. నూజివీడు నేరుగా వెళ్ళే బస్సులూ ఉన్నాయి, ఆగిరిపల్లి మీదుగా వెళ్ళే ఆ దారే దగ్గర కూడా. కానీ పొద్దున్నే జంక్షన్‌లో దిగితే వేడివేడి టిఫిను దొరుకుతుంది. రెండు బస్సుల టిక్కెట్లకూ పది రూపాయల నోటిస్తే చిల్లర మిగిలేది. హోటల్లో ఇడ్లీ పెట్టినాయన్ని నూజివీడు బస్సు ఎప్పుడని అడిగాను.

“ఈ ప్లేటు అయ్యేలోపు వచ్చేస్తుందండీ.”

“రాకపోతే?”

“ఇంకో ప్లేటు తినండి, ఈలోపు అదే వస్తుంది.”

రెండో ప్లేటు సగంలో బస్సొచ్చింది. బాపులపాడు చేలు దాటాక రోడ్డుకు రెండు వైపులా తోటలు మొదలవుతాయి. కాయల బరువుకు కొమ్మలు నేలకు దిగి, వాటికింద వెదురు బాదులు ఆనించి ఉన్నాయి. దారి పొడుగునా నేను ఆలోచించింది మాత్రం నా సంచిలో ఉన్న తప్పు గురించే. రాత్రంతా పాత డ్రాయింగులు వెతికి, ఎవరికీ హాని లేని తప్పొకటి ఏరుకున్నాను. ఒక ఇంటి మెట్లలో చివరి మెట్టు రెండంగుళాలు ఎత్తు ఎక్కువైంది. ఒప్పుకున్నట్టూ ఉంటుంది, పరువూ పోదు.

నూజివీడులో దిగేసరికి ఎనిమిదింపావు. బస్టాండు బయట రిక్షా మాట్లాడుకుని, విస్సన్నపేట రోడ్డులో పానకాలరావు గారి తోట అన్నాను.

“తప్పుల మాస్టారి తోటకా అండీ? ఎక్కండి.” కాస్త దూరం తొక్కాక వెనక్కి తిరిగాడు. “మీదేం తప్పండీ?”

“చిన్నదే.”

“అందరూ అదే అంటారండీ” అని మళ్ళీ తొక్కడంలో పడ్డాడు.

తోటలో కాయలు గ్రేడు చేసే పాక. అందులో ఒక నల్లబల్ల. మేము ఎనిమిదిమందిమి బోర్లించిన చెక్కపెట్టెల మీద కూర్చున్నాం. కొందరు ప్రభుత్వ ఇంజినీర్లు, కొందరు నాలా సొంత ఆఫీసులవాళ్ళు. మాస్టారు బక్కగా, తెల్ల పంచె, పొట్టిచేతుల చొక్కా, చేతినిండా సుద్దపొడి. పాఠం మాత్రం నేను భయపడినంత కష్టంగా లేదు. “పాత పద్ధతిలో, మామూలు బరువు మోసేటప్పుడు ఇనుము ఎంత శ్రమపడుతోందో చూసి, అది హద్దులో ఉంటే ఊరుకుంటాం. కొత్త పద్ధతిలో ఇది ఎంత బరువుకు కూలుతుంది అని ముందు అడుగుతాం. అక్కడినుంచి వెనక్కి వస్తాం. కూలడం గురించి మాట్లాడ్డానికి సిగ్గుపడకండి, మనం మాట్లాడకపోతే అది ఆగదు.” రెండు గంటల్లో మూడు లెక్కలు చేయించారు. మూడోది నేనే ముందు ముగించాను. పదహారేళ్ళుగా దేనికి భయపడ్డానో నాకే అర్థంకాలేదు.

పదకొండింటికి ఫీజుల వసూలు. ఒక్కొక్కరూ లేచి తమ తప్పు చెప్పాలి, మాస్టారు ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసుకుంటారు. నా వంతు రాగానే మెట్ల డ్రాయింగు విప్పాను. ఆయన చూసి నవ్వారు.

“ప్రసాద్ గారూ, ఇది మేస్త్రీ పొరపాటండి. మీది తేలేదు.”

“ఇదే ఉందండి నా దగ్గర.”

“సరే, పెన్సిలుతో రాస్తాను” అని పెన్సిలుతోనే రాశారు. అందరూ నవ్వారు. నాకు కోపమొచ్చింది, బయటికి చూపించలేదు.

భోజనం మాస్టారి భార్య రాజ్యలక్ష్మి గారు వడ్డించారు. మామిడికాయ పప్పు, ఊరమిరపకాయలు, గడ్డపెరుగు, విస్తరి పక్కన చిన్నరసాలు.

“తప్పు చెప్పారా?” అని అడిగారావిడ.

“చెప్పానండి.”

“ఆయన ఒప్పుకున్నారా?”

“లేదండి.”

“అయితే ఇంకో రసం తినండి, మధ్యాహ్నం ఉంటుంది పని.”

మధ్యాహ్నం క్లాసు ఊళ్ళోనట. రెండుంపావుకి నాలుగు రిక్షాల్లో బజారు వైపు బయల్దేరాం. దారిలో మాస్టారు సంగతి చెప్పారు. నాగభూషణం గారనే మామిడికాయల వ్యాపారి మండీ మేడమీద బాల్కనీలో, గోడ అంచున, నిన్న సాయంత్రం మాస్టారే ఒక పగులు చూశారట. మండీ వాళ్ళకి చెబితే, బెజవాడ ఇంజినీరు గీసిన డ్రాయింగండీ, ఏం కాదు అన్నారట. మేం లెక్క తేల్చేదాకా బాల్కనీ ఖాళీగా ఉంచమని ఎలాగో ఒప్పించారు. లారీ నాలుగింటికి వస్తుంది. నాకప్పటికి ఏమీ తట్టలేదు. ఆ పేరు ఎక్కడో విన్నట్టనిపించింది, అంతే.

మండీ ముందు దిగి తలెత్తగానే గుర్తుపట్టాను. కిటికీల వరస, ఐదడుగులు ముందుకొచ్చిన బాల్కనీ, పిట్టగోడలో నేను గీసిన మూడు వంపులు. నాలుగేళ్ళ కిందట ఒక మేస్త్రీ నా ఆఫీసుకొచ్చి, స్థలం కొలతలు చెప్పి, డ్రాయింగు తీసుకెళ్ళాడు. కింద షాపు, పైన ఇల్లు అన్నాడు. నేను ఎప్పుడూ నూజివీడు రాలేదు, ఆ కట్టడాన్ని చూడలేదు. అదిప్పుడు నా నెత్తిమీద ఉంది, దానిమీద మనిషెత్తున గంపలు పేర్చి ఉన్నాయి.

ఖాళీగా ఉంచుతామన్న మాట లారీ ముందుగా వస్తుందని తెలిసేదాకానే నిలబడింది. గంపల్ని ముందే మేడమీదికి ఎత్తి ఉంచి, బాల్కనీ అంచున లారీని ఆనించి, పైనుంచి నేరుగా లారీలోకి అందించడం అక్కడి పద్ధతి. కింద నుంచి ఎత్తడం కంటే సగం సమయం కలిసొస్తుంది, కాయ నలగదు. నేను ఆ బాల్కనీని సాయంత్రాలు కుర్చీ వేసుకుని కూర్చునే మనుషులకోసం లెక్కకట్టాను.

నాగభూషణం గారు భుజాన తువ్వాలుతో బయటికొచ్చారు. “మాస్టారూ, నిరుడూ ఇట్టాగే ఎక్కించామండీ. సీజను నాలుగువారాలు. లారీవాడు ఆగడు.”

“పావుగంట ఇవ్వండి” అన్నారు మాస్టారు. ఒక గంపని మండీ కాటా మీద తూయించారు. ముప్పైఐదు కిలోలు. నాలుగేసి గంపల వరసలు, మధ్యలో మనుషులు. బరువు తేలిపోయింది. ఇక తెలియాల్సింది లోపల ఇనుము ఎంత ఉందని. డ్రాయింగు మేస్త్రీ దగ్గరే ఉండిపోయింది, అతను ఏలూరులో ఉన్నాడు. “అయితే ఊహించాలి” అన్నారు మాస్టారు. మాలో ఒకాయన, పన్నెండు మిల్లీమీటర్ల కడ్డీలు ఐదంగుళాలకొకటి వేసుంటారు, సాధారణంగా అంతే వేస్తాం అన్నాడు. అందరూ ఆ అంకెతో లెక్క చేశారు. ఇవాళ్టికి ప్రమాదం లేదని తేలింది. నాగభూషణం గారు తువ్వాలు దులిపి పైకి చెయ్యి ఊపారు. పైన ఇద్దరు మళ్ళీ గంపలు మోస్తున్నారు. కింద అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు గంపల్లో గడ్డి పరుస్తున్నారు, సరిగ్గా బాల్కనీ కింద.

నా కాగితం మీద వేరే అంకె ఉంది. దాన్ని అరచేత్తో మూసుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు, అర నిమిషమై ఉంటుంది. బెజవాడలో ఈ మాట ఎవరికి చేరుతుంది, రేపు నాకు పని ఎవరిస్తారు అని లెక్కేసుకున్నానని ఒప్పుకోవాలి. గడ్డి పరుస్తున్న ఆవిడ వంగి, లేచి, నడుము పట్టుకుంది.

“పన్నెండు కాదండి, పది మిల్లీమీటర్లు. ఐదు కాదు, ఆరంగుళాలకొకటి.”

“మీకెలా తెలుసు?” అన్నాడు ముందు ఊహ చెప్పినాయన.

“డ్రాయింగు నాది.”

మాస్టారు “ఆ అంకెతో మళ్ళీ చెయ్యండి” అన్నారు, పొద్దున క్లాసులో అన్నట్టే. చేశాం. కోడ్ అడిగే భద్రత లేదు, దాన్ని గంపలు తినేశాయి. మాస్టారు పైకి చూసి గట్టిగా కేకేశారు. అరుగు మీది ఆడవాళ్ళని నేనే వెళ్ళి లేపాను. ఇరవై నిమిషాల్లో బాల్కనీ ఖాళీ అయింది. తర్వాత పైకెళ్ళి పగులు దగ్గర ఉలితో కొట్టి చూస్తే, పైనుంచి అంగుళం లోతులో ఉండాల్సిన కడ్డీలు రెండంగుళాల లోతున కనిపించాయి. స్లాబు పోసినరోజు కూలీలు తొక్కి కిందికి దించేశారు. ఆ లోతు పెట్టి లెక్క చేస్తే, మోసిన బరువూ కూలే బరువూ ఇంచుమించు ఒకటే వచ్చాయి. నిరుడు ఎందుకు నిలబడిందో నాకిప్పటికీ తెలియదు.

నాగభూషణం గారు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ఆశ్చర్యంగా చూశారు.

“మీరేనా అండీ ఇంజినీరు గారు? మిమ్మల్ని ఎప్పుడూ చూళ్ళేదు.”

“నేనూ ఈ బిల్డింగు చూళ్ళేదండి.”

“ఒక్కసారి వచ్చుంటే చెప్పేవాణ్ణి గదండీ, మా దగ్గర బాల్కనీ కూర్చోడానికి కాదు, లారీ ఎక్కించడానికని.”

ఆ రోజు లారీని కిందనుంచే నింపారు. సరుగుడు బాదులు తెప్పించి బాల్కనీ కింద వరసగా ఆనించాం. తోటలో కాయలున్న కొమ్మలకు రైతులు పెట్టినట్టే. అరుగు మీద కూర్చుని రెండు పిల్లర్లకూ ఒక దూలానికీ లెక్క చేశాను, కొత్త పద్ధతిలో, ఎవరినీ అడక్కుండా. నా ఖర్చుతో కట్టిస్తానన్నాను. బస్సుకు వెళ్ళబోతుంటే మాస్టారు నోటుబుక్కు తీసి, పెన్సిలుతో రాసిన మెట్ల సంగతి చెరిపి, పెన్నుతో రెండు మాటలు రాశారు: “సైటు చూడలేదు.”

“బాల్కనీ అని రాయరా?” అన్నాను.

“బాల్కనీ జరిగింది అందువల్లేగా అండి. తప్పు ఇది.”

తర్వాత పదకొండు ఆదివారాలు వెళ్ళాను. ఇప్పుడు ఇంజినీర్లకు శిక్షణ తరగతులు, ఆన్‌లైన్ పాఠాలు, సర్టిఫికెట్లు బోలెడున్నాయి, నా గోడకీ నాలుగున్నాయి. మాస్టారు ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వలేదు. లిమిట్ స్టేట్ నేర్చుకోడానికి నాకు పట్టింది రెండు గంటలు. నా కట్టడాల్ని వాటిలో పనిచేసే మనుషుల్ని అడిగి నేర్చుకోవాలని తెలియడానికి మాత్రం పదహారేళ్ళూ ఒక మధ్యాహ్నమూ పట్టింది. మొన్న మేలో మళ్ళీ వెళ్ళాను. ఇప్పుడు బస్టాండు బయట ఆటోలు బోలెడు, తోటల దాకా తీసుకెళ్తాయి. బజార్లో ఆ రెండు పిల్లర్లు అలాగే ఉన్నాయి, వంపుల పిట్టగోడ కింద బొత్తిగా అందం లేకుండా. నేను కట్టిన వాటిలో నాకు బాగా ఇష్టమైనవి అవే.

నూజివీడు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మే నెలలో వెళ్ళండి, మండీల్లో లారీలు ఎక్కించే వేళకి బజార్లో ఉండండి. మీరు ఇంజినీరైతే, ముందు మీరు గీసి ఎప్పుడూ చూడని కట్టడం ఉన్న ఊరికి బస్సెక్కండి. అది ఖాళీగా ఉన్న నెలలో కాదు, బాగా బరువు మోసే నెలలో.