తోక దగ్గరి మచ్చ

లుబ్నాకు తన పని మీద ఉన్న నమ్మకం చూస్తే నాకు ఒక్కోసారి ఒళ్లు మండుతుంది. మంచినీళ్లు తాగినంత తేలిగ్గా "నా బోర్డు తప్పు చెప్పదండీ" అంటుంది.

ఆకివీడులో చేపల ప్యాకింగుకు థర్మోకోల్ పెట్టెలు అమ్మే అబ్దుల్ మజీద్ గారి అమ్మాయి. ఏలూరులో చదువుకుని, ఇప్పుడు వట్లూరులోని మా చిన్న ల్యాబులో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుగా పనిచేస్తోంది. మేం కొత్త మందులను ఎలుకల మీద పరీక్షిస్తాం. మందుకు కాస్త రేడియోధార్మిక పదార్థం కలిపి ఎక్కిస్తే, అది ఒంట్లో ఎక్కడికి చేరితే అక్కణ్ణించి గామా కిరణాలు వస్తాయి. కెమెరాకు తగిలిన ప్రతి కిరణాన్నీ పట్టుకుని, ఎక్కడ తగిలిందో, ఎంత బలంగా తగిలిందో అంకెల్లోకి మార్చేది లుబ్నా బోర్డు. మూడేళ్లు కూర్చుని తయారుచేసింది. ఆ అంకెలతో బొమ్మ గీసే ప్రోగ్రాం నాది.

ఆ సోమవారం ఉదయం ఎలుక బొమ్మలో తోక దగ్గర ఒక మచ్చ కనబడింది. ఎలుకను పడుకోబెట్టే పడక తుడిచి వేరే ఎలుకను పెట్టాం. మచ్చ కదల్లేదు.

మా డైరెక్టరు రామనాథం గారికి విదేశీ సరుకంటే మహా మోజు. "ఎలుక మారినా మచ్చ మారలేదంటే తప్పు నీ బోర్డుదే కదమ్మా. దాన్ని బీరువాలో పెట్టేసి, బయటి దేశం నుంచి తెప్పించుకుందాం," అన్నారు.

మూడేళ్ల కష్టం ఒక్క మాటతో బీరువా పాలవుతోంది. లుబ్నా మాత్రం తొణకలేదు.

"సాయంత్రం దాకా ఆగండి సార్. ఎలుకను తీసేసి, ఖాళీ పడక బొమ్మను ఇప్పుడోసారి, ఆరు గంటలయ్యాక ఇంకోసారి తీద్దామండీ. మనం వాడే పదార్థం ఆరు గంటల్లో సగానికి తగ్గుతుంది కదండీ. తప్పు బోర్డుదైతే మచ్చ అలాగే ఉంటుంది. పదార్థానిదైతే దాని బలం సగమవుతుంది."

ఖాళీ పడక మీదా మచ్చ ఉంది! రామనాథం గారు "చూశావా మృదులా" అన్నట్టు నా వైపు చూసి, కొటేషన్ పంపమని అప్పుడే ఎవరికో ఫోన్ చేసేశారు. మధ్యాహ్నం నాకు ముద్ద దిగలేదు. లుబ్నా మాత్రం డబ్బాలోని చేపల పులుసు అడుగంటా ఊడ్చి తినేసింది.

సాయంత్రం మళ్లీ బొమ్మ తీశాం. మచ్చ బలం సరిగ్గా సగానికి వచ్చింది. రామనాథం గారు ఆ అంకె ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఫోన్ చేసి కొటేషన్ వద్దన్నారు. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది.

"మరి ఆ మచ్చేంటమ్మా?" అన్నారాయన.

లుబ్నా గ్లవుజులు తొడుక్కుని పడకను వెలుతురులో పెట్టి చూసింది. అదో చేపల పెట్టె థర్మోకోల్ ముక్క. తోక ఆనేచోట సన్నని పగులు. పొద్దున మొదటి ఎలుక పోసిన, పదార్థం కలిసిన మూత్రం అందులోకి దిగిపోయింది. పైన ఎంత తుడిస్తే ఏం లాభం? "బోర్డు ఉన్నదే చెప్పిందండీ," అంది.

"ఇంతకీ చేపల పెట్టె ముక్కను ఎలుక కింద వేసిన మహానుభావులెవరమ్మా?" అన్నారు రామనాథం గారు.

లుబ్నా తల దించుకోవడం నేను చూడటం అదే మొదలు. "నేనేనండీ. వెచ్చగా ఉంటుంది, కిరణాలకు అడ్డం రాదు కదా అని మా నాన్నగారి షాపులోంచి కోసుకొచ్చానండీ."

గ్లవుజులు విప్పి తలెత్తింది.

"పడక మాత్రం బయటి దేశం నుంచే తెప్పించండి సార్."