తువ్వాలకంటిన ఎర్రపొడి

మా అన్న మీద నాకు కోపం పోలేదు. పోదు కూడా. సొంత అన్న కాదు, పెద్దమ్మ కొడుకు. ఎనుమాముల మార్కెట్‌లో రైతుల సరుకు అమ్మిపెట్టే మిర్చి అడ్తి దుకాణం నడుపుతాడు. పిడికెడు కాయలు చేతిలోకి తీసుకుని వాసన చూశాడంటే సరుకు ఎలాంటిదో చెప్పేస్తాడు. నేనేమో వరంగల్‌లో పాత స్పూల్ టేప్ రికార్డర్లు బాగుచేస్తుంటాను. ఈ కాలంలో అదేం పనని నవ్వేవాళ్లకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను.

మొన్న ఎండాకాలం అన్న గోదాం సర్దిస్తుంటే మిర్చి బస్తాల వెనక పెదనాన్న టేప్ రికార్డర్ దొరికింది. దాంతోపాటు డబ్బాలో ఒక స్పూలు. నేను మిషన్ మూత తీశానో లేదో, తుమ్ములే తుమ్ములు. మోటారులో, చక్రాల సందుల్లో అంతా మిరపదుమ్ము. అదంతా దులిపి, సాగిపోయిన బెల్టు మార్చి, గట్టిపడ్డ రబ్బరు చక్రం తీసి కొత్తది వేసి, అన్న ఇంటికి తీసుకెళ్లి ఆ స్పూలు పెట్టాను.

స్పీకరులోంచి పెద్దమ్మ మాట్లాడింది. "ఆ డబ్బ బంద్ చెయ్యుండ్రి, పిల్ల లేస్తది" అని పెదనాన్నను కసురుకుంటోంది. ఆ పిల్ల మా చెల్లె, అన్నకు తోడబుట్టింది. ఆమె పాలు తాగే వయసులోనే పెద్దమ్మ పోయింది. ఇప్పుడు చెల్లె నెక్కొండలో మనవరాలిని ఎత్తుకు తిరుగుతోంది. తల్లి గొంతు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.

నిమిషం తిరిగిందో లేదో, టేపు రాసుకుంటూ పోయే హెడ్ మీద ఎర్రటి పొడి కనిపించింది. గబుక్కున ఆపేశాను. టేపు మీది పూత రాలిపోతోంది. మాట ఉండేది ఆ పూతలోనే.

"అన్నా, దీన్ని మళ్ల ఎయ్యకు. ఎన్నిసార్లు ఏస్తే అంత రాల్తది. నాకియ్యి, కంప్యూటర్ల ఎక్కించి తెస్త."

"మా అమ్మను ఇంట్లకెంచి బయటికి పంపనురా. నువ్వే ఆదివారం నీ సామాను తెచ్చుకో. చెల్లె గూడ వస్తది."

"అప్పటిదాంక ముట్టకు."

"ముట్ట."

ఆదివారం వైర్లు, లాప్‌టాప్ పట్టుకుని వెళ్లేసరికి ఆ ఇల్లు పెళ్లివారిల్లులా ఉంది. బంధువులు, మార్కెట్ జనం. పొద్దున్నుంచి వచ్చినవాళ్లందరికీ వేసి వినిపిస్తున్నాడట! పొడి పేరుకున్నప్పుడల్లా భుజం మీది తెల్ల తువ్వాలతో హెడ్ తుడవడం, మళ్లీ మొదటినుంచి వేయడం. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎయ్యద్దని చెప్పిన గదనే!"

"ఊకె లొల్లి చెయ్యకురా. గోదాంల ఉన్న డబ్బ. మిరపపొడి రాల్తాంది, తుడిస్తే పోతాంది."

నా చేతులతో దులిపిన మిషన్‌లో మిరపపొడి ఎక్కడిది? ఆ మాట అనేలోపే చెల్లె వచ్చింది. చెప్పులు విప్పి నేరుగా మిషన్ ముందు కూర్చుంది. అన్న మురిసిపోతూ స్పూలు తిప్పాడు. సుయ్‌మని చప్పుడు. లోపల ఎక్కడో గొణుగుడు, అదీ తెగిపోతూ. చెల్లె స్పీకరుకు చెవి ఆనించింది.

"ఏం వినవస్తలేదే అన్నా."

పొద్దున టేపు వింటూ అందరూ ఫోన్లలో వీడియోలు తీశారని తెలిసి ఒక్కొక్కటీ పెట్టించాను. ఏది చూసినా "అమ్మా, అమ్మా" అంటూ అన్న ఏడుపే. పెద్దమ్మ గొంతు దానికింద అణిగిపోయింది. ఆమె మాట్లాడిన ఆ కాసేపైనా నోరు మూసుకుని ఉండలేకపోయాడు!

ఇంత జరిగినా తువ్వాల పట్టుకుని మళ్లీ హెడ్ మీదికి వంగాడు. లాక్కున్నాను.

"ఇది మిరపపొడి గాదే! పెద్దమ్మ గొంతు. పొద్దటిసంది నువ్వు తుడిచింది గదే!"

అందరూ నన్నే చూశారు. చూడనీ అనుకున్నాను.

చెల్లె నా చేతిలోంచి తువ్వాల తీసుకుంది. ఎర్రబడ్డ చోట ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. తుమ్మలేదు.

"ఘాటు లేదే అన్నా" అంటూ అతనికి అందించింది.

పొద్దున్నుంచి తన భుజం మీదే ఉన్న ఆ తువ్వాలను మా అన్న అప్పుడు మొదటిసారి ముక్కు దగ్గరికి తీసుకున్నాడు.