అమ్మమ్మ తులం

వాటాలు పెద్దవాళ్లు వేయాలి, ముందుగా ఏరుకునేది చిన్నవాళ్లు. అమ్మ వాళ్ల వైపు ఏ పంపకమైనా ఇదే పద్ధతి. ఏరుకునే హక్కు తనకు లేదని తెలిసిన మనిషి వాటాలు సమానంగానే వేస్తుంది కదా. అందుకే అమ్మమ్మ దినాలు అయిపోయాక ఆమె వెండి మూట ఆత్మకూరులోని చిన్నమ్మ ఇంటి నుంచి వనపర్తిలోని మా ఇంటికి వచ్చింది. అమ్మమ్మకు పిల్లలు ఇద్దరే. అమ్మ పెద్దది, చిన్నమ్మ చిన్నది. చివరి ఏడాది అమ్మమ్మను చూసుకున్నది చిన్నమ్మే. ఆ మూటను ఆమె ముడి కూడా విప్పకుండా తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టి వెళ్లింది.

మూటలో వెండి రూపాయలు ఇరవై ఉన్నాయి. వాటితోపాటు సగం అరిగిన సబ్బుబిళ్లలాంటి వెండి దిమ్మ ఒకటి. దాని గురించి అమ్మమ్మ చెప్పిన మాట మా అందరికీ కంఠస్థం. "దిమ్మ ఇరవై తులాలు, కల్దార్లు ఇరవై. నా ఇద్దరు బిడ్డలకు ఎక్కువ తక్కువ లేదు." కల్దారు అంటే ఇంగ్లిషువాళ్ల కాలం నాటి రూపాయి. దిమ్మ ఒకరికి, రూపాయలు ఒకరికి. వాటాలు అమ్మమ్మే వేసి పోయింది. అమ్మ చేయాల్సిందల్లా వాటిని ఎదురెదురుగా పెట్టి చెల్లెలిని పిలవడమే.

కానీ అమ్మకు భయం. "నువ్వు బుక్కులు చదువుతవు గద. గివి అసలువేనా, ఎంత చేస్తయి, జర సూడు. రేపు తక్కువొచ్చిందని మాట రావొద్దు" అంది.

రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్క నాణెం చూశాను. డైరీలో ఒక పేజీ వాటికే ఇచ్చాను. ఏ రాజు తల ఉంది, అంచు ఎంత అరిగింది, అక్షరాలు ఎక్కడ మాసిపోయాయి, అన్నీ రాసుకున్నాను. పంతొమ్మిదింటి మీద రాజుల తలలు ఉన్నాయి. ఒక్కదాని మీద మాత్రం చార్మినారు ఉంది. అది నిజాం రూపాయి. మా వైపు దాన్ని హాలి సిక్క అంటారు.

"కల్దార్ల నడుమల గిదెట్ల వచ్చింది?" అని అమ్మను అడిగాను.

"నాకు తెల్వదు. మూట అమ్మది, అమ్మనే కట్టింది" అంది అమ్మ.

తూకం వేయిద్దామన్నది నేనే. బజారులోని వెండి దుకాణానికి దిమ్మను మాత్రమే తీసుకెళ్లాం. రూపాయలను ఎవరు తూచుతారు? రూపాయంటే తులమే, లెక్కపెట్టుకుంటే చాలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్న మాట అది. దుకాణంలో దిమ్మను ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టారు. అంకెలు కాసేపు ఊగి, రెండు వందల ముప్పై గ్రాముల దగ్గర ఆగాయి.

"ఇరవై మూడు తులాలమ్మా" అన్నాడు దుకాణదారు.

"మా అమ్మ ఇరవై అన్నది" అంది అమ్మ.

"ఇరవై అన్నది ఇరవై మూడు ఎట్లయితది? లోపల ఏమన్న కలిసిందేమో. కోసి సూడాలె. కోయమంటరా?"

అమ్మ దిమ్మను చటుక్కున తీసి కొంగులో చుట్టుకుంది.

ఆ రోజంతా నాకు అదే ఆలోచన. మూడు తులాలు ఎక్కువ. తక్కువైతే ఎవరో తీశారనుకోవచ్చు, ఎక్కువ ఎందుకు ఉంటుంది? ఫోన్‌లో వెతికితే సీసం వెండికన్నా బరువని కనబడింది. పైన వెండి పోసి లోపల సీసం పెడతారని కూడా ఎవరో రాశారు. డైరీలో నాణేల పట్టిక కింద 'సీసం?' అని రాశాను. ప్రశ్నార్థకం పెట్టాను కాబట్టి నేను ఎవరినీ ఏమీ అనలేదని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున చిన్నమ్మ ఫోన్ చేసింది. రోజూ చాయ్ వేళకు ఆమె ఫోన్ రావాల్సిందే. అమ్మ స్పీకర్‌లో పెట్టి చిక్కుడుకాయలు గిల్లుతోంది.

"వాటాలు వేసినవా అక్కా?"

"ఏడ వేస్తనే? దిమ్మ తూకం ఎక్కువొస్తున్నది."

"ఎక్కువొస్తే మంచిదే గద, ఏడుస్తున్నవెందుకు?"

అప్పుడు నేను మాట్లాడాను. పది మందిలో నోరు విప్పని నేను, చుట్టాలొస్తే వెనక గదిలోకి వెళ్లిపోయే నేను, అమ్మ భుజం మీదుగా వంగి మరీ అన్నాను. "సీసం కలిసిందేమో చిన్నమ్మా. ఎవరన్న మార్చిండ్రేమో."

అవతల ప్రెషర్ కుక్కర్ కూత వినిపించింది. అది ఆగాక చిన్నమ్మ మెల్లగా అంది. "ఎవరన్న అంటే ఎవరే బిడ్డా? ఏడాది సంది మూట నా బీరువలనే ఉన్నది."

ఫోన్ కట్టయింది. అమ్మ చిక్కుడుకాయల గిన్నె పక్కకు నెట్టింది. "నోరు తెరవని పిల్లవు. తెరిస్తే గిదా అనేది?"

మరుసటి రోజు చాయ్ వేళకు ఫోన్ రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. అమ్మ చాయ్ గ్లాసు పక్కన ఫోన్ పెట్టుకుని కూర్చునేది, చాయ్ మీద మీగడ కట్టేది. కావాలంటే తనే ఫోన్ చేయొచ్చు, కానీ ఏమని మాట్లాడుతుంది? ఒక్క అక్కా, ఒక్క చెల్లె. మధ్యలో నేను వేసిన మాట. నాలుగో రోజు చిన్నమ్మే చేసింది. పలకరింపులేమీ లేవు. "గద్వాలల అమ్మ కడియాలు చేసిన అవుసలాయన ఉండు గద. ఆయన ముందల పెడుదాం. రేపు బస్సెక్కుండ్రి, ఆత్మకూరుల నేనెక్కుత" అని పెట్టేసింది.

బస్సులో నా పక్క సీటు చిన్నమ్మ కోసం ఆపి, దాని మీద మూట ఉన్న సంచి పెట్టాను. ఆత్మకూరులో ఆమె ఎక్కింది. మమ్మల్ని చూసింది. ముందు డ్రైవర్ వెనక సీట్లో కూర్చుంది.

"ఓ చెల్లే, ఇటు రా" అని అమ్మ పిలిచింది.

"ఈడ మంచిగనే ఉన్న."

కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి ఇస్తూ, "వెనకాల మీవోళ్ల పక్కన సీటున్నది గదమ్మా" అన్నాడు.

"ఆ సీట్ల మూట కూసున్నది" అంది చిన్నమ్మ.

బస్సు జూరాల ప్రాజెక్టు మీదికి వచ్చేసరికి అందరూ నీళ్ల వైపు మెడలు తిప్పారు. నేను చిన్నమ్మ జడనే చూస్తూ ఉన్నాను. లోపల నిజంగా సీసం ఉంటే చిన్నమ్మ ఏమైపోతుంది? లేకపోతే నేను ఏమైపోతాను? రెండిట్లో ఏది జరగాలని కోరుకోవాలో కూడా తెలియలేదు.

అవుసలాయన బాగా ముసలివాడు. కళ్లద్దాలకు ఒక పక్క దారం కట్టుకున్నాడు. దిమ్మను గీటురాయి మీద గీశాడు. పక్కనే ఒక కల్దారును గీశాడు. రెండు గీతల మీదా మందు చుక్కలు వేసి వెలుతురుకు పట్టి చూశాడు.

"రెండూ ఒక్క తీరే ఉన్నయి. కల్దార్లు కరిగిచ్చి చేసిన దిమ్మమ్మా ఇది. తూకం ఎంతన్నది మీ అమ్మ?"

"ఇరవై తులాలు" అంది అమ్మ. "దుకాణంల ఇరవై మూడు వచ్చింది."

ఆయన నా వైపు తిరిగాడు. "చదువుకున్నదాని లెక్క కనబడుతున్నవు. తులం అంటే ఎంత బిడ్డా?"

"పది గ్రాములు" అన్నాను.

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "అది నీ తులం. మీ అమ్మమ్మ తులం కాదు."

చెక్కపెట్టె తెరిచి పాత త్రాసు తీసి, ఒక పళ్లెంలో దిమ్మ పెట్టాడు. రెండో పళ్లెంలో రూపాయలు ఒక్కొక్కటి వేయిస్తూ నాచేతే లెక్కపెట్టించాడు. పద్దెనిమిది, పంతొమ్మిది. చివరికి చార్మినారుది. దిమ్మ పళ్లెం మెల్లగా లేచి, దాదాపు సమానంగా వచ్చి నిలిచింది. రూపాయల వైపు వెంట్రుకవాసి పైకి ఉంది. అటు నాలుగు గురిగింజలు వేశాడు. ముల్లు మధ్యకు వచ్చింది.

"హాలిది జర తేలిక, అందుకే గింజలు పట్టినయి. కల్దారు రూపాయి బరువే వెనకటి తులం. పదకొండున్నర గ్రాముల మీద ఉంటది. లెక్క సులువని దుకాణాలోళ్లు పదికి దించిండ్రు. మీ అమ్మమ్మకు గ్రాములు తెల్వవు. తెల్వకుండనే సమానం పెట్టింది."

రూపాయలను కూడా కాంటా మీద పెట్టి ఉంటే ఆ రోజే తెలిసేది. రూపాయంటే తులమే అన్న మాట నిజమే. ఏ తులమో నేను అడగలేదు.

అమ్మ మొహం విచ్చుకుంది. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. "కొట్టు తాతా" అంది.

"ఎందుకమ్మా? గీత కలిసింది, తూకం కలిసింది."

"లోపలిది సూడాలె. నా మీద మాటున్నది."

"వద్దు చెల్లే" అంది అమ్మ. చిన్నమ్మ ఆమె వైపు చూడలేదు. అవుసలాయన ఉలి పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. ప్రతి దెబ్బకూ నా కళ్లు మూసుకుపోయాయి. దిమ్మ మధ్యలో సగం మందం దాకా గాటు పడింది. చిన్నమ్మ దాన్ని తీసుకుని నా మొహం దగ్గర పెట్టింది.

"సూడు బిడ్డా. మంచిగ సూడు."

చూశాను. లోపల అంతా కొబ్బరి ముక్కలా తెల్లగా ఉంది. తప్పయింది చిన్నమ్మా అనాలనుకున్నాను. కానీ ఆ రోజు అంత సులువుగా తెరుచుకున్న నోరు ఇప్పుడు తెరుచుకోలేదు.

అక్కడే అరుగు మీద అమ్మ తువ్వాల పరిచింది. ఒక పక్క దిమ్మ, ఒక పక్క రూపాయలు పెట్టింది. "ఏరుకోవే" అంది. 

చిన్నమ్మ రూపాయలను దగ్గరికి లాక్కుంది. "గాటు వడ్డది మీరే పెట్టుకోండ్రి." తర్వాత చార్మినారు రూపాయిని వేరుగా తీసి పట్టుకుంది. "అక్కా, ఇదెట్లొచ్చిందో నీకు తెల్వదు గద. చిన్నప్పుడు నాకు జెరమొస్తే కల్దారొకటి అమ్మి దవాఖానకు తీస్కపోయింది అమ్మ. ఇరవైకి తక్కువ కావొద్దని ఎన్నో ఏండ్లకు దీన్ని తెచ్చి కలిపింది. పోయిన ఏడు చెప్పింది నాకు."

"నాకు చెప్పలే" అంది అమ్మ.

"నువ్వు ఆడ లేకుంటివి."

తిరుగు ప్రయాణంలో చిన్నమ్మ అమ్మ పక్కన కూర్చుంది. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ఇద్దరూ పల్లీలు పంచుకుని తిన్నారు. ఆత్మకూరులో దిగే ముందు చిన్నమ్మ వెనక్కి తిరిగి, నా చేతిలో కూడా గుప్పెడు పోసి దిగిపోయింది.

ఇప్పుడు చాయ్ వేళకు మళ్లీ ఫోన్ వస్తోంది. దిమ్మ మా బీరువాలో అమ్మ చీరల మధ్య ఉంది. అమ్మ దాన్ని గాటు కిందికి వచ్చేట్టు పెట్టింది. చీరలు తీసినప్పుడల్లా నేను చూస్తాను, మళ్లీ అలాగే బోర్లించి పెడతాను. అమ్మ పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఫోన్ నేనే ఎత్తాలి.

"ఎవరు? సీసం బిడ్డనా?" అంటుంది చిన్నమ్మ, పెద్దగా నవ్వుతుంది.

నేనూ నవ్వుతాను. ఆ నవ్వు ఆగిన తర్వాత అవతల చిన్న ఖాళీ ఒకటి ఉంటుంది. "అక్కకియ్యి" అని ఆమె అనేదాకా నేను ఊపిరి బిగబట్టుకునే ఉంటాను.