టీవీలో బోణీ బేరం

కూతురు టీవీలో కనిపిస్తోందని పెద్దింట్లమ్మ చెబితే బందరు చేపల మార్కెట్ మొత్తం నవ్వింది. నవ్వక ఏం చేస్తారు? అది 1979. హైదరాబాదు టీవీ ప్రసారం బందరు దాకా అందేది కాదు. "మీ వీరలక్ష్మి నీ ఒక్కదానికే కనపడతందా పిన్నీ?" అని ఎదుటి బల్ల భాగ్యమ్మ రోజూ దెప్పేది. నిజానికి పెద్దింట్లమ్మా చూడలేదు. అదే ఆమె బెంగ.

వీరలక్ష్మి నా క్లాస్‌మేటు. కృత్తివెన్ను దగ్గర పల్లెపాలెంలో పుట్టి, తల్లి గంప వెంట బందరు చేరింది. హెడ్మాస్టరు గారి నడకను ఆయన ముందే నడిచి చూపించి, బెంచీ ఎక్కిస్తే అక్కడినుంచి కూడా నవ్వించిన ఘటం. టైపు నేర్చుకుని హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్లింది. ఆఫీసు వార్షికోత్సవంలో అది వేసిన చేపలమ్మ వేషం చూసి టీవీవాళ్లు పిలిచారు. అప్పట్లో టీవీలో ఆడవాళ్లంటే పాడాలి, లేదా ఏడవాలి. మా పిల్ల గంప దించి నవ్వించింది.

లీవు మీద వచ్చి, తల్లిని దెప్పుతున్నారని విని, నేరుగా మా ఇంటికొచ్చింది. మా నాన్న మీరా సాహెబ్ వడ్రంగి. "బాబాయ్, నాకో టీవీ చేసిపెట్టండి, మనిషి పట్టేంతది," అంది.

మర్నాడు పొద్దున్నే మార్కెట్లో చెక్కపెట్టె నిలబెట్టాం. ముందు పెద్ద కంత, అందులో వీరలక్ష్మి, ఎదురుగా పండుగప్ప చేపల గంప. కొనడానికొచ్చినదాన్ని నేను. మొప్పలెత్తి చూసి, ముక్కు మూసుకుని, సగం రేటుకి అడిగాను. అచ్చం తల్లి గొంతుతో, తల్లి కొంగు విదిలింపుతో నన్ను చెడామడా దులిపేసింది. భాగ్యమ్మ పడీపడీ నవ్వింది. పెద్దింట్లమ్మ నవ్వలేదు. అది తన వేషమేనని ఆమెకు తెలిసిపోయింది, నొచ్చుకుందేమో అనుకున్నాను.

"నీకు అమ్మేది లేదు, పో!" అంది టీవీలో వీరలక్ష్మి. నేను వెనుదిరిగాను. అక్కడితో ఆట అయిపోవాలి.

"ఓసి నీ దుంపతెగ! బోణీ బేరాన్ని పొమ్మంటావుటే?" అంటూ లేచింది పెద్దింట్లమ్మ.

తొలి బేరం వట్టి చేతులతో వెళ్తే ఆ రోజంతా సరుకు కదలదని వాళ్ల నమ్మకం. నష్టానికైనా ఇచ్చే పంపుతారు. పెద్దింట్లమ్మ పరుగున వెళ్లి కూతురి పక్కన తన తల దూర్చింది. "రా తల్లీ, నువ్వన్న రేటుకే తీసుకో. ఇది టీవీది, దీనికేం తెలుసు!"

మార్కెట్ మార్కెట్టంతా పగలబడి నవ్వింది. వీరలక్ష్మికి నవ్వలేక కళ్లనీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, ఒక్క నవ్వువల్లనే కాదు.

"పిన్నీ, టీవీలో నువ్వూ కనపడతన్నావే!" అని అరిచింది భాగ్యమ్మ.

పెద్దింట్లమ్మ పెట్టెలోంచి కదలకుండా కొంగు సర్దుకుంది.

"కనపడకేమే భాగ్యం! ఐదరాబాదోళ్లు ఏడాది నించీ చూస్తంది నన్నేగా."