మడమల దాకా దిగిన గౌను

రేపల్లెలో టీచరుగా చేసే మా బాబాయి సంతకం పెడితేనే ఆయన కూతురు, మా చెల్లి, బెంగళూరు బ్యాలే స్కూల్లో చేరగలదు. బాపట్లలో డిగ్రీ చదువుతూ, ఆదివారం చర్చి ఎగ్గొట్టి, విజయవాడ వెళ్ళి ఆ డాన్సు నేర్చుకుంది. రెండు నేరాలూ బాబాయికి ఒకే రోజు తెలిశాయి.

"ఫొటో చూపిస్తే డాడీ గౌను పొడవు కొలుస్తాడు అన్నయ్యా. నువ్వు బొమ్మ వేస్తే కళ అంటాడు," అంది.

తెనాలిలో మా ఇంట్లో కూర్చుని వారం రోజులు పాస్టెల్స్‌తో వేశాను. మునివేళ్ళ మీద నిలబడ్డ చెల్లి, తొడల దగ్గరే ఆగిన తెల్ల గౌను, గులాబీ రంగు బూట్లు. నేను వేసిన మనుషుల్లో మనిషిలా కనిపించింది ఇదే మొదలు. పటాల షాపులో ఫ్రేము కట్టమని ఇచ్చి టీ తాగొచ్చాను.

పాస్టెల్ బొమ్మంటే కాగితాన్ని అంటిపెట్టుకున్న రంగుపొడి. ఆ ముక్క చెప్పడం మరిచాను. షాపు భాయ్ దేవుడి పటమైనా పెళ్ళి ఫొటో అయినా గుడ్డతో తుడవందే అద్దం కింద పెట్టడు.

"దుమ్ము బాగా పట్టిందండీ," అన్నాడు గుడ్డ చూపిస్తూ. గుడ్డ మీద మా చెల్లి సగం ఉంది.

పైనుంచి కిందికి తుడిచాడేమో, గౌను తెలుపు మడమల దాకా దిగింది. బూట్లు మాయం. మొహం మాత్రం బతికింది.

"ఏంటండీ, నేనేమన్నా పాడుచేశానా?"

"లేదు భాయ్. అమ్మాయిని చర్చికి పంపావు."

బ్యాలే స్కూలు ఫారం గడువు మర్నాడే. మళ్ళీ వేసే వ్యవధి లేక, సాయంత్రం అదే పటంతో రేపల్లె రైలెక్కాను. చెల్లి అప్పటికే ఇంట్లో ఉంది. బాబాయి కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"నిండుగా ఉంది. ఇంత పద్ధతైన డాన్సని ముందే చెప్పొచ్చుగా?" అంటూ పెన్ను తీశాడు.

నోరు మూసుకో తల్లీ అని చెల్లికి కళ్ళతోనే దండం పెట్టాను.

"బొమ్మ తుడిచేశారు డాడీ. గౌను ఇక్కడిదాకే ఉంటుంది." తొడ మీద చెయ్యి పెట్టి చూపించింది. "బూట్లూ చెరిగిపోయాయి. వాటి లోపల ఇలా ఉంటుంది," అని సాక్సు లాగేసింది.

బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది. రెండో వేలికి గోరే లేదు. వారం రోజులు ఆ పాదాలకి గులాబీ రంగు అద్దినవాణ్ణి, నాకే తెలియదు. ఒక జోకు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

బాబాయి పెన్ను పక్కన పెట్టి లోపలికి వెళ్ళాడు. బేసిన్లో ఉప్పు వేసిన వేడినీళ్ళు తెచ్చి చెల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఇంత నొప్పి ఉంటే నాతో చెప్పలేదేంటే?"

"చెబితే మాన్పిస్తావని."

"మాన్పించేవాణ్ణే." ఆ పాదాన్ని మెల్లగా నీళ్ళలో పెట్టాడు. కాసేపటికి, తల ఎత్తకుండానే నన్ను పిలిచాడు. "ఒరేయ్, ఆ ఫారం కాస్త పట్టుకో, నా చేతులు తడి. సంతకం ఎక్కడ?"