కీబోర్డమ్మ చిటికెనవేలు

స్విచ్చి వేసి ఉన్న కీబోర్డు పక్కనుంచి వెళ్లాల్సి వస్తే, ఆమె చిటికెనవేలితో ఒక మెట్టు నొక్కి గానీ వెళ్లదు. వాయించడానికి కాదు. పలుకుతోందా లేదా అని. జ్వరం వచ్చిన పిల్ల నుదురు ముట్టి చూసినట్టు. చేతిలో చీపురున్నా, గిన్నె ఉన్నా అంతే.

వీధిలో అందరికీ ఆమె కీబోర్డమ్మ. సాయంత్రాలు డాన్సు బడిలో వాయిస్తుంది. ఆ కీబోర్డు కూతురికన్నా కాస్త చిన్నది. అల్లుడికన్నా బాగా పాత చుట్టం. దాని కడుపులో ఆమె సొంతంగా తయారుచేసుకున్న శబ్దాలున్నాయి. వేణువుకి కాస్త గాలి ఎక్కువ పోసింది. వయొలిన్‌కి కాస్త బొంగురు తగిలించింది. బడిలో పిల్లల కాళ్లు వాటికే కదులుతాయి. వేరేవి వేస్తే దిక్కులు చూస్తాయి.

ఈ మధ్య దాని తెర మీద బ్యాటరీ అయిపోవచ్చిందని అక్షరాలు వస్తున్నాయి. బ్యాటరీ చచ్చినా, తీసి మార్చినా ఆ శబ్దాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ముందే వాటిని దించుకుందామంటే, ఫ్లాపీ పెట్టే నోరు దానికి ఎప్పుడో పడిపోయింది. అందుకని సెలవు రోజు చూసుకుని అల్లుడు ఒక వైరూ, తన కంప్యూటరూ పట్టుకుని దిగాడు.

అల్లుడు మంచివాడు. మంచితనంలో కాస్త శ్రుతి మించినవాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా అత్తగారి ముందు కుర్చీ అంచు మీదే కూర్చుంటాడు.

వైరు ఒక కొస కీబోర్డు వెనక గుచ్చాడు, ఇంకో కొస కంప్యూటర్‌కి. పంపమని మీట నొక్కాడు. కంప్యూటర్ తెర మీద నీలం గీత నత్తలా పాకడం మొదలెట్టింది. గదిలో చప్పుడు లేదు.

కీబోర్డు ఉండీ చప్పుడు లేకపోవడం ఆమెకు అలవాటు లేదు. పనిచేస్తోందా, ప్రాణం పోయిందా? చిటికెనవేలు తనంతట తాను వెళ్లి ఒక మెట్టు నొక్కింది.

గీత ఆగింది. ఎర్రర్ అని వచ్చింది.

"ఏమైంది బాబూ?"

"ఏం లేదండీ అత్తయ్యగారూ. వైరు వదులైనట్టుంది."

వైరు బిగించాడు. మళ్లీ గీత. మళ్లీ వేలు. ఈసారి తప్పు ప్రోగ్రాముదన్నాడు. ఆ తర్వాత కరెంటుదన్నాడు. వేలి ఊసు మాత్రం ఎత్తలేదు. కళ్లన్నీ దాని మీదే ఉన్నాయి.

"వైరు మంచి షాపులో కొనలేదేమో," అని ఆమె ఊరడించింది.

"అయ్యుంటుందండీ."

టీ పట్టుకొచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగింది.

"అమ్మా! నువ్వు మెట్టు నొక్కినప్పుడల్లా ఆగిపోతోంది. ఈయనకి తెలుసు, చెప్పడానికే నోరు రావట్లేదు."

"నేనెక్కడ నొక్కానే? ఊరికే ముట్టుకున్నా."

"ఆ ముట్టుకోవడమే వద్దు."

"నిజమా బాబూ?"

అల్లుడు వైరు వంక చూశాడు. "అంటే... పంపేటప్పుడు ఏది నొక్కినా అది కూడా మధ్యలో దూరిపోతుందండీ. మీరు నొక్కకూడదని కాదు..."

"నొక్కకూడదనే!" అంది కూతురు.

ఆమె చేతులు కట్టుకుంది. గీత సగం దాటింది. ముప్పాతికకి వచ్చింది. కట్టుకున్న చేతుల్లోంచి వేలు మెల్లగా బయటికి జారింది.

"అత్తా, చెయ్యి తియ్యి!"

అరిచింది అల్లుడు. గారూ లేదు, అండీ లేదు. వేలు గాల్లోనే ఆగిపోయింది. గీత చివరిదాకా వెళ్లింది.

అల్లుడు లేచి నిలబడ్డాడు. "క్షమించండి, ఏదో కంగారులో..."

"ఇన్నేళ్లకి ఇంట్లో మనిషిలా ఒక్క మాట అన్నావు," అందామె. "కూర్చో. కుర్చీ నిండా కూర్చో."

సాయంత్రం అతనే స్క్రూలు విప్పి కొత్త బ్యాటరీ వేశాడు. అనుకున్నట్టే లోపలంతా ఖాళీ. వేణువు వేస్తే జాతరలో అమ్మే ప్లాస్టిక్ ఈల మోగింది. అతను దించుకున్నదంతా తిరిగి పంపుతుంటే, ఆమె ఊపిరి కూడా అడిగి తీసుకుంటున్నట్టు కూర్చుంది.

"ఇప్పుడు నొక్కు అత్తా."

వేణువు. ఆమెదే. అంత గాలితోనూ.

"మళ్లీ పాడైతే?"

"ఎన్నిసార్లు పాడైనా కంప్యూటర్లోంచి తెచ్చుకోవచ్చు."

మర్నాడు పొద్దున్నే ఆమె ఆ వేణువుని తీసి, ఎక్కడ పోతుందోనని ఇన్నాళ్లూ జోలికి పోని మీటలన్నీ ఒక్కొక్కటే తిప్పడం మొదలెట్టింది. వేణువు బాతులా అరిచింది. ఆమె ఇంకాస్త తిప్పింది.