జోకొట్టిన దుంగ

టేవిటా ముందు చెవులతో పుట్టాడనీ, కాళ్ళూ చేతులూ ఆ తరువాత తీరిగ్గా మొలిచాయనీ వవావు దీవుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒడ్డున పీత పక్కకు నడిస్తే వాడికి మెలకువ వచ్చేది. పొరుగింటి ముసలాయన దగ్గుదామని అనుకుంటేనే కళ్ళు తెరిచేవాడు. ఇంట్లో కోడిపుంజును పడవెక్కించి ఎదుటి దీవికి పంపేస్తే, అది అక్కడ కూసినా వీడు ఇక్కడ ఏడుపు లంకించుకునేవాడు. వాడి నాన్న సేమిసికి డబ్బా మాంసమంటే ప్రాణం. రేకు తెరిస్తే కిర్రుమంటుందని పాపం మెడలోతు సముద్రంలోకి నడిచి వెళ్ళి, నీళ్ళ అడుగునే డబ్బా తెరిచి, చేపలకు కాస్త పెట్టి, మిగిలింది తాను తిని వచ్చేవాడు.

ఇందులో సగం అబద్ధమని ఎవరైనా అంటే, ఏ సగమో చెప్పమని అడగండి.

చిక్కల్లా ఎక్కడంటే, అలాంటి పిల్లవాడు అకనేసి ఇంట్లో పుట్టాడు. అకనేసి వాడి అమ్మమ్మ. ఆమె చేసే పని నారబట్ట కొట్టడం. బెరడు ఒలిచి, లోపలి నారను నానబెట్టి, దుంగ మీద పరిచి కొయ్యసుత్తితో కొట్టాలి. జానెడు పట్టె మూరెడు వెడల్పు అయ్యేదాకా కొట్టాలి. పెళ్ళికీ చావుకీ పురుటికీ ఆ బట్ట కావాలి కనుక ఊళ్ళో ఇరవై దుంగలు పొద్దున మొదలుపెడితే పొద్దు వాలేదాకా మోగుతూనే ఉండేవి. దూరాన చేపలు పట్టుకునే మగవాళ్ళు మబ్బు కమ్మి ఒడ్డు కనబడకపోతే ఆ మోత పట్టుకునే ఇల్లు చేరేవారు.

అకనేసి కొట్టే దుంగ దగ్గరే ఒకప్పుడు ఆమె తల్లి కూడా కూర్చునేది. కొడుతూ కొడుతూ ఉండగానే నొప్పులు వచ్చాయనీ, చేతిలో ఉన్న పట్టె పూర్తి చేశాకే అకనేసిని కన్నదనీ అంటారు. అకనేసికి యాభై ఎనిమిదేళ్ళు. కుడి భుజం ఎడమ దానికంటే రెండు వేళ్ళు లావు. ఆమె దెబ్బ నెమ్మది, బరువు. నీళ్ళలో పండు పడ్డట్టు ఉంటుంది. పెళ్ళి కాకముందు ఆమె మొగుడు ఆమె ముఖం చూడలేదు. ఆ దెబ్బ విని, ఎవరి చెయ్యి అది అని అడుగుతూ వచ్చాడు. ఆయన పోయి పదేళ్ళయింది. కూతురు లేసియేలి, ఇల్లరికపు అల్లుడు సేమిసి, ఇప్పుడీ చెవుల పిల్లవాడు. అంతే ఆమె లోకం.

టేవిటాకు అయిదో నెలలో కొబ్బరి మోసే పడవ ఎక్కి రాజధాని నుంచి కలోలైనె వచ్చింది. ఆమె సేమిసికి అక్క, పిల్లవాడికి మేనత్త. వాడికి పేరు పెట్టింది ఆమే. మేనత్త అంటే అక్కడ మాటలు కాదు. తమ్ముడింట్లో ఆమె ఏది అడిగినా, అది పందిపిల్ల అయినా కన్నపిల్ల అయినా, చేతులు జోడించి ఇచ్చేయవలసిందే. అక్క మీది మర్యాదకు, ఆమె ఇంట్లో ఉన్నంతసేపూ సేమిసి ఆ కప్పు కింద కాలు పెట్టడు. పెరట్లో రొట్టెపండు చెట్టు కిందే తిండీ పడకా.

కలోలైనె ఒక పగలంతా చాప మీద నిటారుగా కూర్చుని పిల్లవాణ్ణి గమనించింది.

"ఏడుసార్లు," అంది సాయంత్రం. "పొద్దుటి నుంచి ఏడుసార్లు లేచాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. అకనేసీ, ఇది ఊరా, వడ్రంగి కొట్టా?"

"ఏం చెయ్యమంటారమ్మా, కొట్టకపోతే మాకు పూట గడవదు."

"మీకు గడుస్తుందిలే. వాడికో? కళ్ళ కింద ఆ నలుపు చూడు. ఉపవాసం చేసిన పాదిరిగారిలా ఉన్నాడు."

లేసియేలి నోరు విప్పబోయింది. అకనేసి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"కొత్త పెండలాలు తవ్వే నాటికి మళ్ళీ వస్తాను," అంది కలోలైనె. "అప్పటికీ ఒక మధ్యాహ్నం సుఖంగా నిద్రపోకపోయాడా, నాతో తీసుకుపోతాను. మా ఇంట్లో చీమ చిటుక్కుమనదు. ఉండేది నేనొక్కదాన్నే. నిద్ర పట్టడం లేదని గోడ గడియారం కూడా ఆపేశాను."

పడవ కనుమరుగయ్యేదాకా లేసియేలి ఏడుపు ఆపుకుని, ఆ తరువాత ఆపుకోలేదు. "అమ్మా, నీ పని మానేయవే! నీకు పుణ్యముంటుంది."

"నేను మానేస్తే మిగతా పంతొమ్మిది దుంగలూ మానేస్తాయా? ఊరుకో. వాడు నా మనవడు. నా దెబ్బ వాడికి పడకపోవడమేంటి, చూస్తాను."

ఆ మర్నాడు అకనేసి ఒక సంగతి గమనించింది. పిల్లవాడు నిద్రపోయాక కొట్టడం మొదలుపెడితే మొదటి దెబ్బకే ఉలిక్కిపడుతున్నాడు. వాడు మేలుకుని, పాలు తాగి, కళ్ళు అరమోడ్చే ముందే మోత మొదలైతే అంత ఉలిక్కిపడటం లేదు.

"మనమే తప్పు చేశామే," అంది కూతురితో. "నిద్రలోకి చప్పుడు రాకూడదు. చప్పుడులోకి నిద్ర రావాలి."

ఎదురుగా కూర్చుని ఆమెతో జోడీగా కొట్టే పొరుగింటి ఫుసి పకపకా నవ్వింది. "అబ్బో, దొరసాని పాఠం చెబుతోంది! మరి దుంగను వాడి చెవిలో పెట్టి కొడతావేంటి?"

"కాదు. నువ్వా కొన పట్టుకో."

ఇద్దరూ కలిసి దుంగను ఈడ్చుకుంటూ ఇంటికి వంద అడుగుల దూరాన, సముద్రం ఒడ్డుకు తీసుకుపోయారు. దుంగ మీద అరటాకులు మూడు పొరలు పరిచారు. అంత దూరం నుంచి, అలల మధ్య నుంచి, ఆ దెబ్బ ఇంటికి చేరేసరికి మెత్తబడి, ఎవరో లోపలి గదిలో నడుస్తున్నట్టు వినబడేది. లేసియేలి పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని అదే లెక్కలో వీపు తట్టేది. తల్లి చేతి దెబ్బా, అమ్మమ్మ సుత్తి దెబ్బా ఒక్కసారే పడేవి. ఏది ఎవరిదో పిల్లవాడికి తెలిసేది కాదు. మొదటిరోజు రెప్పపాటు నిద్రపోయాడు. రెండోరోజు అసలే పోలేదు. అయిదోరోజు, గాలి ఆగి, కొబ్బరాకులు కూడా వేలాడుతూ కునుకు తీస్తున్న వేళ, అరగంట నిద్రపోయాడు. లేసియేలి పరుగున ఒడ్డుకు వచ్చి, వాడు పడుకున్నాడు, కొడుతూనే ఉండండని నోటితో చెప్పకుండా చేతులతో గుండె మీద కొట్టుకుని చూపించింది. ఎవరో చచ్చారనుకుని ఫుసి శోకం మొదలుపెట్టబోయింది.

అప్పటినుంచి దుంగ నడవసాగింది. రోజుకు ఒక అడుగు, ఒక్కోరోజు రెండు. నడక సరిగా సాగని రోజు, పిల్లవాడు ఉలిక్కిపడిన రోజు, మళ్ళీ నాలుగడుగులు వెనక్కి. ఊళ్ళో వాళ్ళు దారికి అడ్డంగా దుంగ కనబడితే తిట్టుకోకుండా పక్కనుంచి నడిచేవారు. "దుంగ ఎక్కడిదాకా వచ్చింది?" అని పడవల వాళ్ళు అడిగేవారు. నిమ్మచెట్టు దాకా. వంటపాక దాకా. అరటాకులు మూడు పొరలు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి, ఒకరోజు అదీ పోయింది. ఆరుబయట వేలాడే వలలూ, నీటిమీది ఎండా, పొయ్యి మీది పొగా, పిల్లవాడి ఊపిరీ అన్నీ ఆ నెమ్మది దెబ్బకు తలాడిస్తున్నట్టు ఉండేవి. మెత్తటి ఆ మధ్యాహ్నాల్లో అకనేసికి తన తల్లి ఎదురుగా కూర్చుని జోడీ కొడుతున్నట్టు తోచేది. కళ్ళు తెరిస్తే ఫుసి, నోట్లో చెరుకు ముక్కతో.

అలా నాలుగు నెలలు గడిచేసరికి దుంగ గుమ్మం దాటి ఇంట్లోకి వచ్చింది. చాపకు రెండడుగుల దూరం. టేవిటా బొద్దుగా అయ్యాడు. సుత్తి పైకి లేవగానే వాడి రెప్పలు కిందికి దిగేవి. పంది అరిచినా, చర్చి గంట మోగినా, సేమిసి ఇంట్లోనే డబ్బా తెరిచినా ఇక కదిలేవాడు కాదు.

పెండలాలు తవ్వారు. కలోలైనె వచ్చింది.

వండినది తిన్నది, నోరు కడుక్కున్నది, చాప మీద నిటారుగా కూర్చున్నది. "ఏదీ, పడుకోబెట్టండి."

పిల్లవాణ్ణి పడుకోబెట్టారు. అకనేసి ఫుసి కోసం గుమ్మం వైపు చూసింది. ఫుసి రాలేదు. ఏదో తేడాగా తోచింది. ఊరు ఊరంతా గొంతు నొక్కినట్టు ఉంది. ఒక్క దుంగ మోగడం లేదు. ఒక్క పంది గుర్రుమనడం లేదు. టేవిటా అరమూసిన కళ్ళు తెరిచాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఏదో పోగొట్టుకున్నవాడిలా పెదవి విరిచాడు. ఇక మొదలుపెట్టాడు చూడండి, కొబ్బరికాయలు రాలేలా!

అకనేసి పెరటి గుమ్మం దగ్గరకు పరుగెత్తింది. చెట్టు కింద సేమిసి ముఖం వెలిగిపోతోంది.

"అత్తా, ఊరంతా ఇల్లిల్లూ తిరిగి వచ్చాను. అక్క వచ్చింది, పిల్లాడి నిద్ర చూస్తుంది, ఒక్క దెబ్బ పడకూడదని బతిమాలాను. పందులకు కూడా కొబ్బరి పోసి నోళ్ళు మూయించాను. ఎలా ఉంది?"

"నీ మర్యాద పాడుగాను! ఎంత పని చేశావయ్యా!"

ఆదివారాలు పనికి సెలవైనప్పుడల్లా పిల్లవాడు ఎందుకు పేచీ పెట్టేవాడో అకనేసికి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ తిండి ఎక్కువై అనుకుంది.

లోపల కలోలైనె లేచి నిలబడింది. "ఇంత నిశ్శబ్దంలో కూడా నిద్రపోడా వీడు? ఇక చూసేదేం లేదు. లేసియేలీ, వాడి బట్టలు మూటకట్టు."

లేసియేలి కదలలేదు. ఆమె చేతులు బిడ్డ మీద ఉన్నాయి.

"అమ్మా," అంది అకనేసి, "నన్ను ఒక్కసారి కొట్టనివ్వండి."

"ఎవర్ని?"

"దుంగను."

"నీకు పిచ్చా? ఏడ్చే పిల్లాడి నెత్తిన సుత్తి మోతా? వద్దు."

పెద్ద స్థానంలో ఉన్న మనిషి వద్దన్నాక చేసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అకనేసి కూడా అంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు. ఆమె తలవంచుకునే దుంగ దగ్గర కూర్చుంది. తడి నార పరిచింది. కొట్టింది.

ఒక దెబ్బ. పిల్లవాడి ఏడుపు మధ్యలో తెగింది. రెండో దెబ్బ. వెక్కిళ్ళు. మూడో దెబ్బకూ నాలుగో దెబ్బకూ మధ్య వాడు పెద్ద నిట్టూర్పు విడిచాడు, పని ముగించుకున్న ముసలాయనలా. ఒంటరి దెబ్బ విని ఉండబట్టలేక ఫుసి వచ్చి, ఎవరివైపూ చూడకుండా ఎదురుగా కూర్చుని జోడీ అందుకుంది. ఆ ఇంటి మోత విని పక్క ఇల్లు, ఆ ఇంటిది విని దాని పక్క ఇల్లు. సేమిసి బతిమాలి ఆపిన దుంగలన్నీ ఒకదాని వెంట ఒకటి నిద్రలేచాయి. ఊరు మళ్ళీ ఊరయ్యింది. టేవిటా మాత్రం నిద్రపోయాడు.

కలోలైనె నిలబడే చూసింది. తరువాత కూర్చుంది. తరువాత నిటారు నడుము కాస్త వంగింది. సముద్రం మీది నుంచి గాలి వచ్చి చాప అంచు లేపింది. దెబ్బ, దెబ్బ, నీళ్ళలో పండు పడ్డట్టు. లేసియేలి తల్లి వైపు కళ్ళెగరేసి చూపించింది. గడియారం ఆపుకున్నా నిద్రపట్టని మనిషి, మేనల్లుడి కాళ్ళ దగ్గర, నోరు కొద్దిగా తెరుచుకుని పడుకుని ఉంది.

అకనేసి చెయ్యి ఆపలేదు. ఆపితే ఇద్దరూ లేస్తారు. నాలుగు పట్టెలకు నానబెట్టిన నార తొమ్మిది పట్టెల వెడల్పుకు సాగిందనీ, దానిలోంచి చూస్తే అవతలి మనిషి కనబడేదనీ ఫుసి తరువాత అందరికీ చెప్పింది. ఆ విషయంలో మాత్రం ఫుసి అబద్ధమాడదు.

నీడలు గుమ్మం ఎక్కాక కలోలైనె కళ్ళు తెరిచింది. బుగ్గ మీద చాప అచ్చులు. "నన్నెందుకు లేపలేదు?"

"మేం కొడుతూనే ఉన్నాం కదమ్మా," అంది ఫుసి.

కలోలైనె జుట్టు సవరించుకుంది. నిద్రపోతున్న పిల్లవాడి పాదం ఒకసారి పట్టుకుని వదిలేసింది. మేనత్త తీసుకుపోతానని వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్ళడం అక్కడి ఆనవాయితీలో లేదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. లేసియేలి బిడ్డకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"వీణ్ణి ఇక్కడే ఉండనివ్వండి," అంది కలోలైనె. "నాకు ఆ దుంగ కావాలి."

అకనేసి చెయ్యి సుత్తి మీద ఆగింది. తల్లి కూర్చున్న దుంగ. తాను పుట్టిన దుంగ. మధ్యలో తల్లి చెయ్యీ తన చెయ్యీ కలిసి తవ్విన పల్లం, పిల్లవాడి తల పట్టేంత. ఒక్క క్షణం, అంతే. చేతులు జోడించింది. "మీదేనమ్మా."

"కొట్టడానికి ఎవరైనా దొరుకుతారా అక్కడ?" అని లేసియేలి మెల్లగా అడిగింది.

"దొరక్కపోతే నేనే కొట్టుకుంటాను. చేతులున్నాయిగా."

సేమిసి దుంగను భుజాన వేసుకుని, అక్కకు పది అడుగులు వెనకగా నడుస్తూ పడవ దాకా మోశాడు. దాని బరువుకు పడవ ఒక పక్కకు ఒరిగిందని, రాజధాని దాకా అలాగే ఒరిగి వెళ్ళిందని అంటారు.

మర్నాడు సేమిసి అడవిలో చెట్టు కొట్టి కొత్త దుంగ చెక్కి తెచ్చాడు. అకనేసి దాన్ని ఒక్క దెబ్బ కొట్టి చూసింది. గొంతు వేరు, పచ్చిది, కీచు. చాప మీద టేవిటా ఉలిక్కిపడి లేచాడు.

"పద," అంది అకనేసి ఫుసితో, మనవణ్ణి కూతురి ఒళ్ళో వేస్తూ. "ఆ కొన పట్టుకో. ఒడ్డుకు."